తుడిచిన యంత్రంలోకే మళ్లీ వచ్చే వర్మ్: ఆఫీసు నెట్‌వర్క్‌లో అసలు చిక్కు ఎక్కడుంది?

సోమవారం ఉదయం పది కంప్యూటర్లలో వర్మ్ బయటపడుతుంది. సిస్టమ్ అడ్మిన్ ఒక్కోదాని ముందు కూర్చుని యాంటీవైరస్ నడిపి, దొరికిన ఫైళ్లను తీసేసి, రీస్టార్ట్ చేసి, అన్నీ శుభ్రమయ్యాయని చూసుకొని భోజనానికి వెళతాడు. తిరిగి వచ్చేసరికి ఆ పదింటిలో మూడు మళ్లీ అదే హెచ్చరిక చూపిస్తుంటాయి, వాటితోపాటు నిన్నటివరకు బాగున్న మరో రెండు కూడా. ఇలా రెండు రోజులు గడిచాక తప్పు యాంటీవైరస్ మీదికి పోతుంది. ఇంకో కంపెనీది తెచ్చి వేస్తారు. అదీ కుదరకపోతే ఫార్మాట్ కొడతారు. కొత్తగా విండోస్ ఎక్కించిన ఆ యంత్రానికి కేబుల్ తగిలించి, అప్‌డేట్లు దిగేదాకా ఆగేలోపే వర్మ్ మళ్లీ చేరుతుంది. ఇల్లు అలకగానే పండగ కాదన్న సామెత ఇంత సరిగ్గా అతికే పని మరొకటి ఉండదేమో. వాడిన సాధనాల్లో లోపం ఉండి ఇలా జరగదు. శుభ్రం చేయవలసింది కంప్యూటర్లనే అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతుంది.

మనం అన్నింటినీ కలిపి వైరస్ అనేస్తాం గాని, ఇక్కడ తేడా తెలియడం అవసరం. వైరస్ ఏదో ఒక ఫైలును అంటిపెట్టుకొని ఉంటుంది. ఎవరో ఒకరు ఆ ఫైలును తెరిస్తేనే దానికి కదలిక. వర్మ్‌కు ఎవరి సాయమూ అక్కర్లేదు. తనున్న యంత్రం నుంచి పక్క యంత్రాలను వెతికి, వాటిలో తెరిచి ఉన్న దారిని పట్టుకొని తనంతట తానే దూరుతుంది. అందుచేత ఒక కంప్యూటర్‌లో కనిపించే వర్మ్ ఫైలు ఆ జబ్బుకు లక్షణం మాత్రమే. జబ్బు ఉన్నది యంత్రాల మధ్య ఉన్న దారుల్లో.

ఈ సంగతిని కల్తీ లేకుండా చూపించిన ఉదాహరణ 2003 జనవరి 25న విరుచుకుపడిన స్లామర్. అది మొత్తం 376 బైట్లు, అంటే ఈ పేరాలోని అక్షరాలకన్నా చిన్నది. డేటాబేస్‌లు నడిపే మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని ఒక లోపం ద్వారా, యూడీపీ 1434 పోర్టు (నెట్‌వర్క్‌లో సంఖ్య ఉన్న తలుపు లాంటిది) మీదుగా ఒకే ఒక్క ప్యాకెట్‌గా, అంటే ఒకే చిన్న డేటా మూటగా, వచ్చేది. మొదటి నిమిషంలో దాదాపు ప్రతి ఎనిమిదిన్నర సెకన్లకు రెట్టింపవుతూ, లోపం ఉన్న యంత్రాల్లో దాదాపు 90 శాతాన్ని పది నిమిషాల్లో ఆక్రమించింది. అంత చేసినా డిస్కు మీద ఒక్క ఫైలు కూడా రాయలేదు, మెమరీలోనే బతికింది. కాబట్టి రీస్టార్ట్ చేస్తే చాలు, పూర్తిగా పోయేది. అయితే కేబుల్ అలాగే ఉంటే మళ్లీ వచ్చేది కూడా, ఎందుకంటే చుట్టుపక్కల యంత్రాలన్నీ అదే ప్యాకెట్‌ను ఎడతెరిపి లేకుండా విసురుతూనే ఉండేవి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్, అంటే ప్యాచ్, అంతకు ఆరు నెలల ముందే, 2002 జులైలోనే, వచ్చి ఉంది. కేబుల్ తీయడం, రీస్టార్ట్ చేయడం, ప్యాచ్ వేయడం, ఆ తర్వాతే కేబుల్ పెట్టడం: ఈ నాలుగింటిలో వరస తారుమారైతే పని మొదటికొచ్చేది. మొండి వర్మ్‌లన్నింటి విషయంలోనూ వరసే ప్రధానం. మూయవలసిన దారుల సంఖ్య మాత్రం పెరుగుతుంది.

ఆఫీసు నెట్‌వర్క్‌లను ఏళ్ల తరబడి పీడించిన కాన్‌ఫికర్‌నే తీసుకుందాం. ఫైళ్లను, ప్రింటర్లను పంచుకోవడానికి విండోస్‌లో నడిచే సర్వర్ సర్వీసులో ఉన్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2008 అక్టోబర్ 23న, మామూలుగా ప్యాచ్‌లు ఇచ్చే నెలవారీ తేదీ వచ్చేదాకా ఆగకుండా, ప్యాచ్ విడుదల చేసింది. నెల తిరిగేలోపే, నవంబర్‌లో, ఆ లోపాన్ని వాడుకుంటూ వర్మ్ బయలుదేరింది. అప్పటికి దానికి ఉన్నది ఒక్కటే దారి. ప్యాచ్ వేసుకున్నవాళ్లు నిశ్చింతగా ఉన్నారు. డిసెంబర్ చివర్లో వచ్చిన రెండో రూపం ఆ నిశ్చింతను చెడగొట్టింది. అది పాత దారిని వదలకుండానే, షేర్ చేసిన ఫోల్డర్ల పాస్‌వర్డ్‌లను ఊహించి దూరడం, పెన్‌డ్రైవ్‌లపై ఎక్కి ప్రయాణించడం అనే మరో రెండు దారులు నేర్చుకుంది. “ప్యాచ్ వేశాం కదా, మళ్లీ ఎలా వచ్చింది?” అని ఎన్నో ఆఫీసుల్లో వినిపించిన ప్రశ్నకు జవాబు ఇదే. ప్యాచ్ మూడు తలుపుల్లో ఒకదాన్ని మాత్రమే మూస్తుంది.

పెన్‌డ్రైవ్ ఎత్తుగడను దగ్గరగా చూస్తే, దాన్ని రాసినవాళ్లకు మనుషుల అలవాట్లు ఎంత బాగా తెలుసో అర్థమవుతుంది. డ్రైవ్ పెట్టగానే విండోస్ విస్టాలో ఒక చిన్న కిటికీ తెరుచుకునేది. అందులో ఫోల్డర్ బొమ్మ పక్కన “ఫైళ్లు చూడటానికి ఫోల్డర్ తెరవండి” అన్న వరుస ఉండేది. కాస్త కిందికి చూస్తే అచ్చం అదే వాక్యంతో, అలాంటి బొమ్మతోనే మరో వరుస. కిందిది విండోస్ తనంతట తాను చూపే అసలు వరుస. పైది, ప్రోగ్రామ్‌ను నడుపు అన్న శీర్షిక కింద ఉన్నది, వర్మ్ పెట్టిన నకిలీ. ఆ శీర్షికను చదివే తీరిక ఎవరికుంటుంది? చెయ్యి పైవరుస మీదికే పోయేది. పెన్‌డ్రైవ్‌లోని ఆటోరన్ ఫైలును (డ్రైవ్ పెట్టగానే ఏం నడపాలో విండోస్‌కు చెప్పేదాన్ని) నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కొన్ని పదుల కిలోబైట్ల పిచ్చి అక్షరాలు కనిపించేవి. పనిచేసే రెండు మూడు వాక్యాలు ఆ చెత్త మధ్యలో ఎక్కడో దాగి ఉండేవి. అసలు వర్మ్ ఫైలు, రీసైకిల్ బిన్‌లా కనిపించే పేరున్న ఒక దాచిన ఫోల్డర్‌లో కూర్చునేది.

పాస్‌వర్డ్‌ల దారి ఇంకా మొండిది. వర్మ్ ముందుగా తానున్న యంత్రంలో ఎవరు లాగిన్ అయి ఉన్నారో వారి హక్కులతోనే పక్క యంత్రం అడ్మిన్ షేర్‌లోకి (అడ్మిన్ల కోసం విండోస్ తెరిచి ఉంచే దాచిన ఫోల్డర్‌లోకి) వెళ్లడానికి చూస్తుంది. కుదరకపోతే ఆ యంత్రంలోని ఖాతాల పేర్లు అడిగి తెలుసుకొని, ఖాతా పేరే పాస్‌వర్డ్‌గా, ఆ పేరును రెండుసార్లు కలిపి, వెనక నుంచి ముందుకు తిప్పి, ఆపైన తన వెంట తెచ్చుకున్న మామూలు పాస్‌వర్డ్‌ల జాబితాతో ఒక్కొక్కటే ప్రయత్నిస్తుంది. ఏదో ఒకటి కుదిరితే తన ఫైలును అవతలి యంత్రం సిస్టమ్ ఫోల్డర్‌లో దించి, దాన్ని నడపమని అక్కడే ఒక షెడ్యూల్డ్ టాస్క్ (చెప్పిన వేళకు తనంతట తాను నడిచే పని) పెట్టి వస్తుంది. ఈ ప్రయత్నాల వల్ల డొమైన్‌లోని, అంటే ఆఫీసు మొత్తానికీ ఒకేచోట నిర్వహించే లాగిన్ వ్యవస్థలోని, ఖాతాలు వరసగా లాక్ అయిపోతాయి. చాలా ఆఫీసుల్లో వర్మ్ వచ్చిన సంగతి మొదట తెలిసేది యాంటీవైరస్ వల్ల కాదు, “నా లాగిన్ పనిచేయడం లేదు” అంటూ ఒకే ఉదయం వచ్చే ఇరవై ఫోన్ల వల్ల.

ఇక్కడే అడ్మిన్లు తెలియక పడే గుంట ఒకటుంది. వర్మ్ ఉన్న యంత్రాన్ని బాగుచేయడానికి వెళ్లినవారు, అన్ని హక్కులూ ఉంటాయి కదా అని డొమైన్ అడ్మిన్ ఖాతాతో అక్కడ లాగిన్ అవుతారు. ఆ క్షణం నుంచి వర్మ్‌కు పాస్‌వర్డ్ ఊహించే శ్రమ తప్పుతుంది. లాగిన్ అయినవారి హక్కులతో డొమైన్‌లోని ప్రతి యంత్రం అడ్మిన్ షేరూ దానికి తెరుచుకుంటుంది. కంచే చేను మేయడమంటే ఇదే. సోకిన యంత్రాల్లో డొమైన్ ఖాతాలతో, అందులోనూ డొమైన్ అడ్మిన్ ఖాతాతో, లాగిన్ కావద్దని మైక్రోసాఫ్ట్ అప్పట్లో ప్రత్యేకంగా హెచ్చరించింది. ఆ యంత్రానికి మాత్రమే పరిమితమైన లోకల్ అడ్మిన్ ఖాతా వాడాలి. ఆ లోకల్ పాస్‌వర్డ్ అన్ని యంత్రాల్లోనూ ఒక్కటే అయితే మళ్లీ ఫలితం శూన్యం. మొదటిసారి తుడిచాక వ్యాప్తి తగ్గకపోగా పెరిగిన చోట్ల నేను ముందుగా అడిగే ప్రశ్న ఇదే: ఏ ఖాతాతో తుడిచారు?

తనను తాను కాపాడుకునే విద్య కూడా కాన్‌ఫికర్‌కు బాగా తెలుసు. విండోస్ అప్‌డేట్‌నూ భద్రతా సర్వీసులనూ ఆపేస్తుంది. యంత్రాన్ని పాత స్థితికి తిప్పడానికి ఉండే రీస్టోర్ పాయింట్లను చెరిపేస్తుంది. యాంటీవైరస్ కంపెనీల పేర్లున్న వెబ్ చిరునామాలు తెరుచుకోకుండా అడ్డుపడుతుంది. మిగతా సైట్లన్నీ వస్తూ, యాంటీవైరస్ సైట్లు మాత్రమే రాకపోవడం అప్పట్లో చేతితో పట్టి చూసే నాడిలా ఉపయోగపడింది. మరో విచిత్రం, తాను దూరిన లోపాన్ని లోపలికి వచ్చాక మెమరీలో తానే పూడుస్తుంది. పోటీ వర్మ్‌లు రాకూడదని ఆ ఏర్పాటు. కానీ ఆ పూడిక అసలు ప్యాచ్‌లా ఉండదు. బయటి నుంచి ఒక ప్రత్యేకమైన ప్రశ్న అడిగితే సోకిన యంత్రం వేరే రకంగా జవాబిస్తుందని హనీనెట్ ప్రాజెక్ట్ పరిశోధకులు 2009 మార్చిలో కనిపెట్టారు. దాంతో ప్రతి యంత్రం దగ్గరికీ వెళ్లకుండానే, ఎన్‌మ్యాప్ వంటి స్కానర్లతో ఆఫీసు మొత్తాన్నీ ఒకచోట కూర్చుని వడపోయడం సాధ్యమైంది.

వర్మ్ ఏదో తేలకుండా చేతికి తోచిన మందు వేయడం ప్రమాదమని 2017లో వచ్చిన వానాక్రై, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వర్మ్, నేర్పింది. అదీ కాన్‌ఫికర్‌లాగే, విండోస్‌లో ఫైళ్లు పంచుకోవడానికి వాడే 445 పోర్టు మీదే, రెండు నెలల ముందు మార్చి 14న ప్యాచ్ వచ్చిన లోపం ద్వారానే, మే 12న వ్యాపించింది. కొత్త యంత్రంలోకి చేరగానే అది ఒక పొడవాటి అర్థంలేని వెబ్ చిరునామాను పలకరించేది. జవాబు వస్తే ఏ హానీ చేయకుండా ఆగిపోయేది. ఒక పరిశోధకుడు ఆ చిరునామాను నమోదు చేసుకోవడంతో ఎన్నో యంత్రాలు బయటపడ్డాయి. వర్మ్ పలకరించే చిరునామా కనుక చెడ్డదే అయి ఉంటుందనుకొని ఫైర్‌వాల్‌లో దాన్ని అడ్డుకున్న చోట మాత్రం, కాపాడే జవాబు లోపలికి రాక వర్మ్ తన పని తాను చేసుకుపోయేది. కాన్‌ఫికర్ విషయంలో అది ఆదేశాల కోసం పిలిచే చిరునామాలను అడ్డుకోవడం సరైన పని. ఇక్కడ అదే తప్పయింది.

ఇప్పుడు తుడిచే పనికి వద్దాం. మొదటి దశలో ఒక్క ఫైలు కూడా తొలగించకూడదని నా గట్టి అభిప్రాయం. ముందు దారులు మూయాలి. ఆఫీసులో కంప్యూటర్లు సర్వర్లతో మాట్లాడాలి గాని, ఒక ఉద్యోగి కంప్యూటర్ పక్క ఉద్యోగి కంప్యూటర్‌తో 445 పోర్టులో మాట్లాడవలసిన అవసరం అరుదు. విండోస్ ఫైర్‌వాల్ నియమాన్ని గ్రూప్ పాలసీ (డొమైన్‌లోని కంప్యూటర్లకు ఒకేచోటు నుంచి అమరికలు పంపే ఏర్పాటు) ద్వారా ఒకేసారి అన్నింటికీ పంపి ఆ మాటలను ఆపేస్తే, వర్మ్ చనిపోదు గాని ఉన్నచోటే బందీ అవుతుంది. స్విచ్‌లో వీల్యాన్‌లు (ఒకే నెట్‌వర్క్‌ను విడగొట్టే గదుల్లాంటివి) ఉంటే విభాగాల మధ్య కూడా అదే పని చేయవచ్చు. ఈ నియమం పెట్టిన గంటలోపే ఎవరో ఒకరు ఫోన్ చేసి తమ ఫైళ్లు రావడం లేదంటారు. విభాగం మొత్తం వాడే లెక్కల ఫైళ్లు ఏళ్లుగా ఒక గుమాస్తా బల్ల మీది కంప్యూటర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లో ఉన్నాయని అప్పుడుగాని బయటపడదు. ఆ ఫోల్డర్‌ను సర్వర్‌కు మార్చడం కూడా చికిత్సలో భాగమే.

అదే గ్రూప్ పాలసీతో కాన్‌ఫికర్ వాడే రెండు పీటలను కూడా లాగేయవచ్చు. అది సర్వీసుగా తన పేరు రాసుకునే రిజిస్ట్రీ (విండోస్ అమరికల పట్టిక) స్థానంలోనూ, టాస్కులు పెట్టే విండోస్ ఫోల్డర్‌లోనూ రాసే అనుమతిని తీసేయడం మైక్రోసాఫ్ట్ సూచించిన మార్గం. శుభ్రం చేసిన యంత్రంలోకి అది మళ్లీ వచ్చినా కాళ్లూనడానికి చోటుండదు. అన్నీ చక్కబడ్డాక ఆ అనుమతులను తిరిగి ఇవ్వడం మరవకూడదు. మరిచిపోతే రాత్రిపూట నడవవలసిన బ్యాకప్ టాస్కులు ఎందుకు ఏర్పడటం లేదో తెలియక కొన్ని నెలల తర్వాత ఇంకెవరో తల పట్టుకుంటారు. ఆటోరన్‌ను అన్ని డ్రైవ్‌లకూ ఆపేయాలి. ఆ రోజుల్లో పాత విండోస్‌లలో రిజిస్ట్రీ అమరిక ఒక్కటే మారిస్తే ఆటోరన్ పూర్తిగా ఆగేది కాదు, దానికీ విడిగా అప్‌డేట్ కావలసి వచ్చేది. పెన్‌డ్రైవ్‌ల ఆటోరన్‌ను ఆపే మార్పును పాత విండోస్‌లకు మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ల దారిలో పంపింది 2011 ఫిబ్రవరిలో.

దారులు మూశాక ప్యాచ్, ఆ తర్వాతే తుడవడం. తుడిచే సాధనాల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మైక్రోసాఫ్ట్ వారి తొలగింపు సాధనం 2009 జనవరి నుంచే కాన్‌ఫికర్‌ను గుర్తుపట్టింది, చాలా యాంటీవైరస్ కంపెనీలు ఉచిత సాధనాలు ఇచ్చాయి. వాటిని యంత్రాల దగ్గరికి మామూలు పెన్‌డ్రైవ్‌లో మోసుకెళితే మనమే వర్మ్‌కు వాహనం అవుతాం. సీడీ గాని, రాయడానికి వీల్లేకుండా లాక్ వేసిన డ్రైవ్ గాని వాడాలి. శుభ్రమైన యంత్రాలకు స్విచ్‌లో వేరే వీల్యాన్ కేటాయించి, పరీక్షలో నెగ్గినదాన్నే అటు మార్చాలి. అటు వెళ్లినది ఇటు రాకూడదు, ఇటు ఉన్నది పరీక్ష లేకుండా అటు పోకూడదు. పాస్‌వర్డ్‌లన్నీ మార్చవలసిందే, అయితే అవతలి శుభ్రమైన వైపు నుంచే మార్చాలి.

తుడవాలా, మొత్తం తీసేసి కొత్తగా విండోస్ ఎక్కించాలా అన్న వాదన ప్రతిచోటా వస్తుంది. వర్మ్ తాను మాత్రమే వచ్చి ఊరుకుంటే తుడవడం సరిపోతుంది. తన వెంట ఇంకేం దించిందో చెప్పలేని స్థితిలో కొత్తగా ఎక్కించడమే మేలు. 2009 ఏప్రిల్‌లో వచ్చిన కాన్‌ఫికర్ రూపం వాలెడాక్ అనే స్పామ్ ప్రోగ్రామ్‌నూ, డబ్బు గుంజే ఒక నకిలీ యాంటీవైరస్‌నూ దించి, తాను మే 3న తనంతట తాను తొలగిపోయేలా రాసి ఉంది. అలాంటి యంత్రంలో వర్మ్ దొరకలేదంటే ఆరోగ్యంగా ఉందని అర్థం కాదు. కొత్తగా ఎక్కించేటప్పుడు ఒక్క జాగ్రత్త: చాలా ఆఫీసుల్లో రెండు మూడేళ్ల కిందట సిద్ధం చేసిన ఇమేజ్‌నే (అన్నీ ఎక్కించి ఉంచిన విండోస్ నకలునే) వాడుతుంటారు. అందులో ప్యాచ్ ఉండదు. కేబుల్ తగిలించే ముందే దానికి ప్యాచ్ వేసి తీరాలి.

ఇంతా చేశాక కూడా రోజుకొకటో రెండో యంత్రాలకు మళ్లీ సోకుతుంటే, వెతకవలసింది మన జాబితాలో లేని యంత్రం కోసం. నెట్‌వర్క్‌లో ఉన్నవి ఎన్ని అని అడిగితే ఆస్తుల రిజిస్టరు ఒక సంఖ్య చెబుతుంది, యాంటీవైరస్ కన్సోల్ ఇంకో సంఖ్య చెబుతుంది, స్విచ్‌లు మూడో సంఖ్య చెబుతాయి. వర్మ్ ఆ తేడాలోనే బతుకుతుంది. హాజరు నమోదు చేసే యంత్రం వెనకున్న పాత పీసీ, లోపల విండోస్‌తో నడిచే పెద్ద ప్రింటర్, సర్వర్ గదిలో ఎప్పుడో పరీక్షకని తయారుచేసి మరిచిపోయిన వర్చువల్ మెషిన్, ఆడిటర్లు తెచ్చుకునే ల్యాప్‌టాప్, ముట్టుకుంటే వారంటీ పోతుందని ప్యాచ్ వేయని పరికరం. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఆసుపత్రుల్లో 800కు పైగా కంప్యూటర్లకు కాన్‌ఫికర్ సోకినప్పుడు, ఆపరేషన్ థియేటర్‌లో కంప్యూటర్లు శస్త్రచికిత్స మధ్యలో రీస్టార్ట్ అయ్యాయన్న కారణంతో ఆటోమేటిక్ అప్‌డేట్లను ఆపేశారని వార్తలొచ్చాయి. ఆ నిర్ణయం తీసుకున్నవారిని తప్పుపట్టడం తేలికే గాని, వారి ముందున్న భయం ఉత్తుత్తిది కాదు. 2009లో మాంచెస్టర్ నగర పాలక సంస్థకు ఇదే వర్మ్ వల్ల అయిన ఖర్చు సుమారు 15 లక్షల పౌండ్లు.

దాగిన యంత్రాన్ని పట్టడానికి అదే చేసే చప్పుడు ఆధారం. ఖాతా లాక్ అయిన ప్రతిసారీ డొమైన్ కంట్రోలర్ (లాగిన్‌లను సరిచూసే సర్వర్) భద్రతా లాగ్‌లో 4740 సంఖ్యతో ఒక నమోదు పడుతుంది. ఆ లాక్‌కు కారణమైన యంత్రం పేరు అందులోనే ఉంటుంది. వెబ్ పేర్లను సంఖ్యా చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ మరో సాక్షి. తొలి కాన్‌ఫికర్‌లు ఆదేశాల కోసం రోజుకు 250 కొత్త చిరునామాలను లెక్కకట్టి పిలిచేవి. 2009 ఏప్రిల్ 1 నుంచి ఒక రూపం రోజుకు 50,000 చిరునామాలు తయారుచేసి వాటిలో 500 పిలిచింది. వాటిలో చాలావరకు అసలు ఉండవు. కాబట్టి ఉనికిలో లేని అర్థంలేని పేర్లను వందలకొద్దీ అడుగుతున్న యంత్రమే మనం వెతుకుతున్నది. అయితే ఇంటర్నెట్ కంపెనీ “మీ దగ్గర వర్మ్ ఉంది” అని పంపే నోటీసులో ఆఫీసు మొత్తానికి ఉన్న ఒకే బయటి చిరునామా తప్ప మరేమీ ఉండదు. లోపల ఎవరు అడిగారో తెలియాలంటే మన డీఎన్‌ఎస్ సర్వర్‌లో లాగ్ ముందే పెట్టి ఉండాలి. దురదృష్టవశాత్తు మామూలుగా అది ఆపేసి ఉంటుంది.

ప్యాచ్ రాని పాత పరికరం దొరికిందనుకుందాం, దాన్ని తీసేయడానికీ వీల్లేదు. అప్పుడు దాన్ని విడి వీల్యాన్‌లో పెట్టి, అది మాట్లాడవలసిన ఒక్క సర్వర్‌తో, ఒక్క పోర్టులో మాత్రమే మాట్లాడనివ్వాలి.

చివరగా పని పూర్తయిందని ఎప్పుడు చెప్పవచ్చన్నది. యాంటీవైరస్ తెర మీద సున్నా కనిపించిన రోజున చెప్పకూడదు. ఎవరూ వాడని ఒక చిరునామాలో ఒక పాత కంప్యూటర్‌ను కూర్చోబెట్టి, 445 పోర్టులో దాని తలుపు ఎవరు తట్టినా నమోదు చేసేలా పెట్టాలి. ఆ చిరునామా ఎవరికీ తెలియదు కాబట్టి తట్టేది స్కానర్ అయినా కావాలి, వర్మ్ అయినా కావాలి. వారం, రెండు వారాలు, నెల గడిచినా ఎవరూ తట్టకపోవచ్చు. మూడు నెలల సెలవు ముగించుకొని ఒక ఉద్యోగి తన ల్యాప్‌టాప్ మూత తెరిచిన ఉదయం, ఆ లాగ్‌లో మొదటి వరుస పడుతుంది.